లంగా బొందు మార్చి నాలుగేళ్లు: నేను వాడి చూసిన మూడు రకాలు

మా అమ్మ నడుము చుట్టూ, లంగా బొందు కట్టే చోట, ఒక నల్లటి గీత ఉండేది. చిన్నప్పుడు పక్కన పడుకుని దాని మీద వేలు పెట్టి నడిపించేదాన్ని. తాడు ఒరుసుకున్న చెట్టు బెరడులా గరుకుగా తగిలేది. అమ్మమ్మకీ ఉండేది. ఆడవాళ్ల నడుమంటే అలాగే ఉంటుందనుకున్నాను. నాకు ముప్పై దాటేసరికి నాకూ వచ్చింది.

నేను విశాఖపట్నంలో భౌతికశాస్త్రం చెప్పే టీచర్ని. ఇరవై రెండేళ్లుగా వారానికి ఆరు రోజులు చీరే. పొద్దున్న ఏడున్నరకి కడితే సాయంత్రం ఐదున్నరకి విప్పడం. ఊపిరి లోపలికి లాగి, పొట్ట బిగబట్టి బొందు ముడెయ్యాలి, లేకపోతే కుచ్చిళ్లు జారతాయని మా పిన్ని నేర్పింది. అలాగే ముడేసుకుంటూ వచ్చాను.

2021లో అమ్మకి కుడివైపు, సరిగ్గా ముడి పడే చోట, చిన్న పుండు లేచింది. పసుపు రాస్తే మానింది. మళ్లీ లేచింది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే మానినట్టే మాని ఇంకా పెద్దదైంది. నాకు చెప్పలేదు. లంగా కట్టుకునే చోటు సంగతి కూతురితోనైనా ఎలా చెప్పనని ఊరుకుందట. ఐదు నెలలయ్యాక, ఆరేసిన లంగా పట్టీ మీద రసి మరక చూసి నేనే నిలదీశాను.

చర్మవ్యాధుల డాక్టరుగారు చూడగానే అడిగిన మొదటి మాట, "లంగా ఎప్పుడూ ఇక్కడే కడతారామ్మా? ఎంత బిగించి?" అని. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేదాకా ఎనిమిది రోజులు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. క్యాన్సర్ కాదని వచ్చింది. ఆ చోట ఏదీ బిగించకుండా, ఇంట్లో వదులు నైటీలు వేసుకుంటూ, డాక్టరుగారిచ్చిన మందు రాస్తే రెండు నెలలకి మానింది.

ఆ ఎనిమిది రోజుల్లో దొరికిందల్లా చదివాను. నడుము కట్టు వల్ల వచ్చే జబ్బు గురించి మన దేశంలో చాలాకాలం కిందటే రాశారు. బొంబాయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో పనిచేసిన ఖనోల్కర్, సూర్యాబాయి 1945లో నడుముకి పంచె బిగించి కట్టే చోట వచ్చే క్యాన్సర్ గురించి రాశారు. అదే వ్యాసంలో, నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట వల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ సంగతీ ఉంది. మాది శ్రీకాకుళం వైపు. మా అమ్మమ్మ అడ్డపొగ పీల్చేది. మా ఇంటి ఆడవాళ్ల రెండు అలవాట్లు ఒకే కాగితంలో కనపడేసరికి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

తర్వాత 2024లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వార్ధా, బీహార్ డాక్టర్లు నడుము మీద ఇలాంటి క్యాన్సర్ వచ్చిన ఇద్దరు స్త్రీల సంగతి రాశారు. ఒకామెకి డెబ్బై ఏళ్లు, పద్దెనిమిది నెలలుగా మానని పుండు. ఇంకొకామెకి అరవై దాటి చాలా ఏళ్లయింది. ఆమె లుగ్డా అనే పద్ధతిలో చీర కట్టేది, లోపల లంగా లేదు, చీరనే నడుముకి బిగించి కట్టేది. జబ్బు గజ్జల్లో బిళ్లకి కూడా పాకింది. లంగా లేకపోయినా వచ్చిందంటే అసలు కారణం ఒకే చోట ఏళ్ల తరబడి పడే బిగింపూ రాపిడీ. ఆ రెండింటికీ చెమట, దుమ్ము తోడైతే చర్మం పలచబడి పుండు పడుతుంది. రోజూ అక్కడే మళ్లీ ముడి పడుతుంటే ఆ పుండు మానడానికి తెరిపి ఉండదు. అలా ఏళ్లపాటు మానని పుండు ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్‌గా మారొచ్చు. చాలా అరుదు. కానీ వారాల తరబడి మానని పుండు నడుము మీద ఉంటే డాక్టరుకి చూపించడానికి సిగ్గు అడ్డు రాకూడదు. ఇందుకోసమే ఇదంతా రాస్తున్నాను.

ఇక వాడకం సంగతి.

బొందు మార్చకముందు నేను ఏళ్ల తరబడి కొన్నవి కాటన్ పాప్లిన్ లంగాలే. మ్యాచింగ్ సెంటర్లో దొరికే, పావు అంగుళం బొందువి. గుడ్డకి వంక పెట్టను. గాలాడుతుంది, చెమట పీలుస్తుంది, నాలుగేళ్లు ఉతికినా చిరగదు. దోషమంతా ఆ బొందులోనే. నా పెళ్లి పట్టుచీర తూకం వేస్తే 940 గ్రాములుంది. అంత బరువూ, దాన్ని జారకుండా ఆపే బిగింపూ ఆ సన్నటి దారం మీదే పడతాయి. స్కూలు బ్యాగు పట్టీలు వెడల్పుగా ఎందుకుంటాయో, బలం ఎక్కువ చోటికి పంచితే పీడనం ఎలా తగ్గుతుందో ఏటా ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్తాను. పావు అంగుళం బదులు మూడు అంగుళాల పట్టీ ఉంటే అదే బిగింపు పన్నెండు రెట్ల చోటుకి పంచుకుంటుంది. ఇంత కాలం పిల్లలకి చెప్పిన పాఠం మా అమ్మ నడుము దాకా తీసుకెళ్లలేకపోయానే అన్న బాధ నాకింకా పోలేదు.

వాటి బదులు మొదట కొన్నది ఇప్పుడు అందరూ వాడుతున్న చేపతోక ఆకారం సాగే లంగా, చీర షేప్‌వేర్ అంటారే, అది. 650 రూపాయలు. బొందు లేదు, ఎలాస్టిక్. కట్టిన రోజు అద్దంలో చూసుకుంటే చీర ఎంత కుదిరిందో! గీత దగ్గర నొప్పి కూడా వెంటనే తగ్గింది. చలికాలం మూడు నెలలు హాయిగా గడిచాయి. మార్చి వచ్చేసరికి కథ మారింది. పాలిస్టర్, లైక్రా కలిసిన బట్ట, మన సముద్రపు ఉక్క, పది గంటలు. తొడల సందుల్లో, నడుము మడతలో దురద మొదలై గుండ్రటి ఎర్ర మచ్చలుగా తేలింది. తామర. అమ్మలా షాపులో ట్యూబు కొనకుండా నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్లాను. అలాంటి ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుందనీ, దురద రెండు రోజుల్లో తగ్గినా తామర లోలోపల పాకి, గుర్తుపట్టలేనట్టు తయారవుతుందనీ చెప్పారు. నాకు మందులు ఆరు వారాలు పట్టాయి.

ఆ లంగాతో ఇంకో చిక్కు: మధ్యాహ్నం తిన్నాక పుల్లటి తేన్పులు. పొట్టంతా ఒకేలా నొక్కేస్తే కడుపులోది పైకి తంతుంది. బాత్రూముకి వెళ్లాలంటే కూడా గొడవే, మెట్లెక్కడం కష్టమే. పెళ్లికో ఫొటోకో మూడు గంటలు వేసుకోండి, చక్కగా ఉంటుంది. రోజంతా నిలబడి పనిచేసే మనిషికి, మన కోస్తా ఎండలకి, నేనైతే వద్దంటాను.

మూడోది నేను కుట్టించుకున్నది. రెండుంపావు మీటర్ల మెత్తటి కాటన్, ఆరు ముక్కల కోత, పైన మూడంగుళాల పట్టీ, లోపల అదే గుడ్డ రెండు మడతలు. పక్కన బిగువు మార్చుకునేలా మూడు వరసల హుక్కులు. వెనక మాత్రం అరచేతి వెడల్పున ఎలాస్టిక్. మా వీధిలో కుట్టే ఆవిడకి మొదటిసారి అర్థం కాలేదు. బొందు లేకుండా లంగా ఏంటమ్మా అంది. రెండోసారి కుదిరింది. గుడ్డతో కలిపి 380 పడింది. ఆవిడ ఇప్పుడు ఈ రకం వేరేవాళ్లకీ కుడుతోంది.

ఇవి నాలుగేళ్లుగా ఏడు వాడుతున్నాను. కుచ్చిళ్లు జారతాయన్న భయం మొదటి వారంలోనే పోయింది. వెడల్పు పట్టీలో దోపితే చీర ఇంకా గట్టిగా నిలుస్తుంది. బరువైన పట్టుచీరకి మాత్రం రెండు పిన్నీసులు కావాలి. లోపాలూ ఉన్నాయి. ఎలాస్టిక్ ఏడాదిన్నరకి సడలిపోతుంది, విప్పి మార్పించాలి. మొదటి రెండింటికి పెట్టించిన నికెల్ పూత మామూలు ఇనప హుక్కులు తుప్పు పట్టి, ఆనిన చోటల్లా నాకు దద్దు లేచింది. నికెల్ పడని ఒళ్లు నాది, దిద్దులతోనూ ఇదే బాధ. హుక్కుల వెనక గుడ్డ ముక్క వేయించాక దద్దు ఆగింది. కొలత ఇచ్చేటప్పుడు నిలబడి కాకుండా కూర్చుని, అన్నం తిన్నాక ఇవ్వండి. ఇది నాకు మూడో లంగాకి గానీ తట్టలేదు.

ఒక మంచి జరిగింది, అది నేను ఊహించలేదు. క్లాసులో నిలబడితే కుడి తొడ బయటివైపు చీమలు పాకినట్టు తిమ్మిరెక్కేది. నడుము నొప్పి తాలూకు ఏమో అనుకునేదాన్ని. నడుము ఎముక ముందు అంచు పక్కనుంచి తొడ చర్మానికి వెళ్లే నరం ఒకటుందట. బిగుతు జీన్స్, బెల్టు, కాస్త కిందకి కట్టిన బొందు, ఏది నొక్కినా తిమ్మిరొస్తుందట. బొందు మానేసిన రెండు నెలల్లో పోయింది, మళ్లీ రాలేదు.

బొల్లి ఉన్నవాళ్లు ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ జబ్బులో ఒరుసుకున్న చోట కొత్త మచ్చ లేవొచ్చు. మా స్టాఫ్‌రూములో ఒకామెకి సరిగ్గా బొందు గీత మీదే తెల్లగా లేచింది. ఆమెకీ ఈ పట్టీ లంగాలే కుట్టించాం.

కుట్టించుకునే తీరిక లేకపోతే, ఉన్న లంగాలకే సన్నబొందు తీసేసి అంగుళంన్నర వెడల్పు నూలు పట్టీ ఎక్కించండి. పిన్నీసుకి కట్టి లాగితే పది నిమిషాల పని. ముడి ఒకరోజు కుడికి, ఒకరోజు ఎడమకి వెయ్యండి. కట్టాక వేలు సులువుగా దూరాలి. ఇంటికి రాగానే విప్పి, నడుము కడిగి, పొడిగా తుడుచుకోండి. చుడీదార్ నాడాకీ ఇవే చెప్తాను.

నా గీత పూర్తిగా పోలేదు. గరుకుతనం పోయింది, రంగు సగానికి తగ్గింది. అమ్మకి ఆరు కుట్టించాను. నాలుగు రోజూ కడుతోంది. రెండు కొత్తవి అలాగే బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టింది, మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి కట్టుకుంటుందట.