ఒక్క కుక్కరులో అన్నం, పప్పు: ఐదు లీటర్ల స్టీలు సెట్టు బెంగుళూరులో ఎంతవరకు పనికొస్తుంది?

వస్తువు ఇది: ఐదు లీటర్ల ట్రైప్లై (రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం పొర ఉండే) స్టీలు కుక్కరు, ప్రెస్టీజ్ తరహాలో బయటి మూత, లోపల ఒకదానిమీద ఒకటి కూర్చునే రెండు గిన్నెలు. ఏడున్నరకో ఎనిమిదికో అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటుకుని ఇంటికొచ్చి పప్పన్నం తినాలనుకునే ఇద్దరు ముగ్గురికి ఇది చాలు. పొయ్యి దగ్గర నిలబడే పని పది నిమిషాలకు మించదు. కొనుక్కోమనే చెబుతాం. కానీ సెట్టులో ఇచ్చే గిన్నెల మీద ఫిర్యాదుంది. ఇంటింటా చెప్పుకునే "మూడు విజిల్స్" లెక్క మీద అంతకంటే పెద్ద ఫిర్యాదుంది.

మూడు లీటర్లదాంట్లో ఒక గిన్నె పెడితేనే నిండిపోతుంది. ఐదు లీటర్లదైనా వెడల్పుగా పాన్ ఆకారంలో ఉంటే పై గిన్నె మూతకి తగులుతుంది. కాబట్టి పొడుగ్గా నిలబడే ఆకారమే చూసుకోవాలి. పై గిన్నెకీ మూతకీ మధ్య రెండు వేళ్ల సందు, చుట్టూ కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ లేకపోతే ఆవిరి సరిగ్గా తిరగదు. హాకిన్స్ తరహా లోపలి మూత గట్టిగా పడుతుంది కానీ, ఆ మూత కొంత చోటు తినేస్తుంది. గిన్నెలు పేర్చి వండేవాళ్లకి బయటి మూతే సుఖం. ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 2347 అన్న కుక్కర్ల ప్రమాణం నంబరు ఉన్నాయో లేదో చూడండి. 2021 ఫిబ్రవరి నుంచి అవి తప్పనిసరి. అవి లేని కుక్కర్లు అమ్మనిచ్చినందుకు 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పెద్ద పెద్ద ఆన్‌లైన్ సైట్లకే జరిమానా వేసింది.

ఇక వంట. అడుగున రెండు గ్లాసుల నీళ్లు, అంటే సుమారు 400 మిల్లీలీటర్లు పోసి చిల్లుల పళ్లెం వేయాలి. తక్కువ పోస్తే ఆరిపోయి గాస్కెట్ మాడుతుంది, సేఫ్టీ వాల్వ్ కూడా పోతుంది. మరీ ఎక్కువ పోస్తే గిన్నె తేలి ఒరిగిపోయి ఆ నీళ్లు పప్పులోకి వస్తాయి. కింది గిన్నెలో అర గ్లాసు కందిపప్పు. అరగంట నానాక కడిగి, గ్లాసున్నర నీళ్లు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె వేయాలి. ఆ నూనె నురగని అణుస్తుంది. గిన్నె సగానికి మించి నిండకూడదు. పై గిన్నెలో ఒక గ్లాసు సోనా మసూరికి రెండు గ్లాసుల నీళ్లు, కొత్త బియ్యమైతే గ్లాసుముప్పావు. దానిమీద ఒక పళ్లెం మూయాలి, లేదంటే మూత నుంచి కారే ఆవిరినీళ్లు పడి పైపొర ముద్దవుతుంది. పప్పు కింద పెట్టమనడానికి కారణముంది: ఆ గిన్నె వేడినీళ్లకి దగ్గరగా ఉంటుంది కాబట్టి ముందు కాగుతుంది.

మంట పెద్దది పెట్టి, మొదటి విజిల్ రాగానే సిమ్‌లోకి తిప్పి అక్కణ్నుంచి పన్నెండు నిమిషాలు వాచీ చూసుకోవాలి. విజిల్స్ లెక్కపెట్టొద్దు. ప్రెషర్ ఎక్కాక వెయిట్ లేచినా లేవకపోయినా లోపల వేడి ఒకటే. విజిల్ కొట్టిన ప్రతిసారీ నీళ్లు ఆవిరై పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. పెద్ద మంట మీద అయిదు విజిల్స్ నాలుగు నిమిషాల్లో అయిపోవచ్చు, సిమ్‌లో అవే అయిదు రావడానికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు. "మా ఇంట్లో మూడుకే ఉడుకుతుంది, మీకెందుకు ఉడకదు" అనే వాదన అందుకే తెగదు. పొయ్యి కట్టేశాక ప్రెషర్ తనంతట తాను దిగేవరకు ఆగండి. వెయిట్ ఎత్తి ఆవిరి వదిలేస్తే పప్పు ఒక్కసారిగా పొంగి మూతనిండా అంటుకుంటుంది, పైగా ఆ ఆగిన పది నిమిషాల్లోనూ అది మెత్తబడుతూనే ఉంటుంది.

పప్పు ఉడకకపోతే ఇక్కడ చాలామంది ఊరి ఎత్తుని తిడతారు. బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో ఆ మూడు డిగ్రీలు గట్టిగానే తెలుస్తాయి. కుక్కరులో మాత్రం వేడి 120కి దగ్గరగా వెళుతుంది కాబట్టి అర నిమిషమో నిమిషమో తేడా, అంతే. అసలు దొంగ బోరు నీళ్లు. ట్యాంకరుతో వచ్చేవీ చాలావరకు అవే. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు కణాలని అంటిపెట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని గట్టిపరుస్తాయి. పన్నెండు నిమిషాలయ్యాక కూడా గరిటె వేస్తే బద్దలు బద్దలుగా తగులుతుంటే, పప్పు గిన్నెలోకి ఆర్‌ఓ ఫిల్టరు నీళ్లు పోసి చూడండి. కావేరి నీళ్లొచ్చే ఇళ్లలో ఈ బాధ తక్కువ. అడుగున పోసే నీళ్లు ఏవైనా ఫర్వాలేదు, తెల్లటి పొర కట్టకుండా పిండేసిన నిమ్మతొక్క ఒకటి పడేస్తే చాలు. నీళ్లు మార్చినా దారికి రాకపోతే పప్పు పాతదై ఉంటుంది. ఏడాది దాటి నిలవున్న కందిపప్పుకి ఎంతసేపు పెట్టినా ఆ మెత్తదనం రాదు.

పులుపు చేసే పనీ ఇలాంటిదే. టమాటా, చింతపండు, మామిడికాయ, గోంగూర, చుక్కకూర, వీటిలో ఏది పప్పుతో కలిపి పెట్టినా పప్పు గట్టిగానే మిగిలిపోతుంది. పాలకూర, తోటకూర అయితే ముందే కలిపేయొచ్చు. గోంగూరని చిన్న గిన్నెలో వేసి అన్నం గిన్నె మూత మీద విడిగా పెట్టండి, చోటుంటేనే. టమాటా ముక్కల్ని మూకుట్లో పోపులో మగ్గించి, మెదిపిన పప్పు అందులో పోస్తే అయిదు నిమిషాల్లో టమాటా పప్పు. రెండు చెంచాల నూనె, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఇంగువ, కరివేపాకు. పప్పు మెదపబోయే ముందు పైకి తేరిన కట్టు ఒక గ్లాసు తీసి పెట్టుకుంటే ఉసిరికాయంత చింతపండుతో చారు కూడా అయిపోతుంది, చారు పొడి ఇంట్లో ఉంటే.

కూర మాత్రం ఇందులో పెట్టొద్దు. బంగాళాదుంప, బీట్‌రూట్ సరే. బీన్స్, దొండకాయ పన్నెండు నిమిషాలకి రంగు పోయి పీచుగా తేలతాయి. కుక్కరు పొయ్యి మీదున్న ఆ సమయంలోనే పక్కన మూకుడు పెట్టి బెండకాయ వేపుడు చేసుకోవడం మేలు.

అన్నం సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాలి. పప్పు టైముకి పెట్టిన అన్నం మెత్తగానే వస్తుంది. పప్పుకీ పెరుగుకీ బ్రహ్మాండం, పులిహోరకి పనికిరాదు. దంపుడు బియ్యమైతే అరగంట నానబెట్టి, ఒకటికి రెండున్నర నీళ్లు పోసి, సిమ్‌లో ఇరవై నిమిషాలుంచాలి. పప్పు మరీ జావలా అవుతుంది, ఆ రోజు పప్పుచారు పెట్టుకోండి.

ఇండక్షన్ మీద ట్రైప్లై బాగా పనిచేస్తుంది. 1200 వాట్ల దగ్గర మొదలుపెట్టి విజిల్ రాగానే తగ్గించాలి. అయితే కొన్ని పొయ్యిలు తక్కువ వాట్లలో ఆగి ఆగి పనిచేస్తాయి, ప్రెషర్ పడుతూ లేస్తూ ఉంటుంది. రెండు నిమిషాలు ఎక్కువ వేసుకోండి.

ఇక ఆ గిన్నెలు. సెట్టుతో వచ్చేవి రేకుల్లా పల్చగా ఉంటాయి. ఎత్తడానికిచ్చే కడ్డీ వేడి మీద వంగుతుంది, పై గిన్నె జారితే చెయ్యి కాలడం ఖాయం. అదే కొలతలో అడుగు చదునుగా ఉన్న మందపాటి స్టీలు గిన్నెలు రెండు చిక్కపేట పాత్రల అంగళ్లలో విడిగా కొని, పట్టకారుతో దించుకోవడం నయం. వెళ్లేటప్పుడు కుక్కరు లోపలి వ్యాసం, లోతు టేపుతో కొలిచి రాసుకెళ్లండి.

రోజూ వాడితే గాస్కెట్ ఏడాదికో ఏడాదిన్నరకో బిరుసెక్కి పక్కలనుంచి ఆవిరి వదులుతుంది, విజిల్ రాదు. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే ఆ పూటకి గడుస్తుంది. కొత్తది కొనేటప్పుడు లీటర్ల లెక్క ఒక్కటే చెబితే చాలదు, ఒకే కంపెనీలో ఐదు లీటర్లకే రెండు మూడు సైజులుంటాయి. మోడల్ పేరు చెప్పండి, వీలైతే పాత గాస్కెట్టే పట్టుకెళ్లండి.