కార్న్‌ఫ్లోరా, మాడిఫైడ్ స్టార్చా: ఏది మేలు?

పాలలో కార్న్‌ఫ్లోర్ కలిపి చిక్కటి తెల్ల సాస్ కాచి, ఒక గిన్నెడు ఫ్రీజర్‌లో పెట్టండి. మర్నాడు తీసి కరగనిస్తే సాస్ బదులు స్పాంజిలాంటి ముద్ద, దాని చుట్టూ తేరిన నీళ్లు కనిపిస్తాయి. చెంచాతో నొక్కితే ఇంకొన్ని నీళ్లు ఊరతాయి. అదే సాస్‌ను ప్యాకెట్ల మీద ఐఎన్ఎస్ 1442 అని (ఐఎన్ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాల అంతర్జాతీయ నంబరు) రాసే మాడిఫైడ్ స్టార్చ్‌తో కాచి, అలాగే గడ్డకట్టించి కరిగిస్తే దాదాపు మొదట ఉన్నట్టే ఉంటుంది. ఈ రెండో స్టార్చ్ కూడా మొక్కజొన్నదే కావచ్చు. మరి తేడా ఎక్కడొచ్చింది?

స్టార్చ్ అంటే చిన్న చిన్న రేణువులు. మొక్కజొన్న స్టార్చ్ అయితే సుమారు 62 నుంచి 72 డిగ్రీల సెల్సియస్ మధ్య నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. సాస్ చిక్కబడేది ఉబ్బిన ఆ రేణువుల వల్లే. ఇంకా మరిగించినా, నిమ్మరసం పిండినా, గట్టిగా గిలకొట్టినా రేణువులు పగిలిపోతాయి, చిక్కబడ్డ సాస్ మళ్లీ పలచబడుతుంది. పులుపు వేసి ఎక్కువసేపు కాచినవాళ్లకు ఇది అనుభవమే. చల్లారాక ఇంకో ఇబ్బంది ఉంది. రేణువుల్లోంచి బయటపడిన అమైలోజ్ అనే పొడవాటి గ్లూకోజ్ గొలుసులు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని దగ్గరవుతాయి, మధ్యలో ఉన్న నీటిని బయటికి నెట్టేస్తాయి. మామూలు మొక్కజొన్న స్టార్చ్‌లో అమైలోజ్ నాలుగో వంతు దాకా ఉంటుంది. ఫ్రీజర్‌లో ఇదే పని ఇంకా జోరుగా సాగుతుంది.

అమైలోజ్ దాదాపు లేని మొక్కజొన్న రకం ఉంది, వ్యాక్సీ అంటారు. దానితో కాచినది చల్లారినా గడ్డలా బిగుసుకోదు. కర్రపెండలం స్టార్చ్‌లో అమైలోజ్ తక్కువ, రుచి అడ్డురాదు, నిగనిగలాడుతుంది. పొయ్యి మీంచి దించి వెంటనే తినేదానికి ఇవి చక్కగా సరిపోతాయి. కానీ రెండూ సాగుతాయి, మరుగుకూ పులుపుకూ త్వరగా లొంగిపోతాయి.

అందుకే ఫ్యాక్టరీలో రెండు పనులు చేస్తారు. మొదటిది రేణువుకు లోపల కుట్లు వేయడం. ఫాస్ఫేట్ లాంటి వాటితో ఒక గొలుసును ఇంకో గొలుసుకు అక్కడక్కడ కడతారు. వందల గ్లూకోజ్ యూనిట్లకు ఒక్క కుట్టు పడినా చాలు, రేణువు ఉబ్బుతుంది గానీ పగలదు. ఐఎన్ఎస్ 1412 ఇలాంటిదే. డబ్బాలో మూసి 121 డిగ్రీల దాకా వేడిచేసే సూప్‌లకూ, పుల్లటి సాస్‌లకూ ఇది కావాలి. అయితే కుట్లు ఒక్కటే ఉంటే ఫ్రీజర్ ముందు నిలవదు. దానికి రెండో పని: గొలుసుల మీద అక్కడక్కడ అసిటైల్ గానీ, హైడ్రాక్సీప్రొపైల్ గానీ అనే చిన్న రసాయన ముక్కలను తగిలించడం. ఇవి మధ్యలో అడ్డం నిలబడి గొలుసులను దగ్గరకు రానివ్వవు, కాబట్టి నీళ్లు తేరవు. 1442లో ఈ రెండు పనులూ ఉన్నాయి, హైడ్రాక్సీప్రొపైల్‌తో. 1414, 1422 కూడా రెండూ చేసినవే, అసిటైల్‌తో. గడ్డకట్టించి అమ్మే సాస్‌కు మాత్రం నా ఓటు 1442కే.

మిగతావాటి పనులు వేరు. ముందే ఉడికించి, ఆరబెట్టి, పొడిచేసిన స్టార్చ్ చల్లటి పాలలోనే చిక్కబడుతుంది, పొయ్యి అక్కర్లేని పుడ్డింగ్ పొడుల్లో వేసేది అదే. ఆమ్లంతో పలచబరిచిన 1401 ఉడికేటప్పుడు నీళ్లలా పారుతుంది, చల్లారాక గట్టిగా బిగుసుకుంటుంది. నమిలే జెల్లీ మిఠాయిలకు కావలసింది సరిగ్గా ఆ గుణమే. 1450 నూనెనూ నీటినీ కలిపి పట్టుకుంటుంది, పానీయాల్లో సువాసన నూనెలు పైకి తేలకుండా చూస్తుంది. ఈ పని కార్న్‌ఫ్లోర్‌తో ఎంత ప్రయత్నించినా కాదు.

రసాయనాలు వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. స్టార్చ్‌ను పొడిగా, జాగ్రత్తగా వేడిచేసి రేణువును గట్టిపరుస్తారు, లేబుల్ మీద ఉట్టి స్టార్చ్ అనే రాస్తారు. వేడినీ పులుపునూ బాగానే ఓర్చుకుంటుంది. పదేపదే గడ్డకట్టి కరిగే పదార్థానికి మాత్రం హైడ్రాక్సీప్రొపైల్‌ది పైచేయి.

భయం మాటకొస్తే, మాడిఫైడ్ అంటే జన్యువులు మార్చినదని కాదు, స్టార్చ్‌ను మార్చారని అర్థం. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2017లో 12 మాడిఫైడ్ స్టార్చ్‌లను మళ్లీ పరిశీలించి, ఇప్పుడు వాడుతున్న మోతాదుల్లో ఆందోళన లేదనీ, రోజుకు ఇంతే తినాలన్న పరిమితి అంకె అవసరం లేదనీ తేల్చింది. గోధుమ గ్లూటెన్ పడనివాళ్లు మాత్రం ఆ స్టార్చ్ దేని నుంచి తీశారో చూసుకోవాలి.

ఇంట్లో వండి ఆ పూటే తినేదానికి కార్న్‌ఫ్లోర్‌ను మించినది అక్కర్లేదు. డబ్బాకూ ఫ్రీజర్‌కూ వెళ్లేదానికి మాడిఫైడే మేలు, అక్కడ మామూలు స్టార్చ్ వాడితే పారేయాల్సిన తిండే పెరుగుతుంది. నాకు నిజంగా బాధ కలిగించేది ఇంకోటి: పండు తగ్గించి, నీళ్లు పోసి, ఆ లోటును స్టార్చ్‌తో చిక్కబరిచి పండు గుజ్జు పేరుతో అమ్మడం. లేబుల్‌లో పదార్థాలను బరువు ఎక్కువున్న క్రమంలో రాస్తారు. నీళ్లు, చక్కెర, స్టార్చ్ అయ్యాక గానీ పండు పేరు రాకపోతే, ఆ స్టార్చ్ మామూలుదైనా మాడిఫైడ్ అయినా ఆ సీసాను నేను కొనను.