సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి: నాకు అమ్మింది వరదలో మునిగిన బండి

చేతులు ఇంకా వణుకుతున్నాయి. మెకానిక్ షెడ్డుకి, అక్కడి నుంచి ఆ కార్ల యార్డుకి వెళ్లి ఇప్పుడే ఇంటికి వచ్చాను. పేరు రాయడం లేదు. హైదరాబాద్‌లో పాత కార్లు వెతికినవాళ్లకు అలాంటి చోట్లు తెలిసే ఉంటాయి. ఏసీ గది, టీ, "150 పాయింట్లు చెక్ చేసిన బండి" అని ఒక రిపోర్ట్. ఆరు వారాల క్రితం 4,85,000 ఇచ్చి ఏపీ 39 నంబరు కారు తీసుకున్నాను. అందులో రెండు లక్షలు మా ఆవిడ నగలు కుదువపెట్టి తెచ్చినవి.

మొన్న ఆదివారం శ్రీశైలం బయల్దేరాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతుంటే బ్రేక్ పెడల్ మెత్తగా అనిపించింది. తర్వాతి మలుపులో తొక్కితే నేల దాకా వెళ్లిపోయింది. బండి ఆగలేదు. మూడో గేరు నుంచి రెండు, ఒకటి, హ్యాండ్ బ్రేక్ లాగుతూ కొండ వైపు రాళ్లకు రాయించి ఆపాను. ఎదురుగా బస్సు రాలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. అత్తయ్య కళ్లు మూసుకుని "మల్లన్నా, మల్లన్నా" అంటూనే ఉన్నారు. అరగంట తర్వాత బ్రేకులు మళ్లీ పట్టాయి. అయినా ఎక్కబుద్ధి కాలేదు. మేం బస్సులో వచ్చాం, బండి ట్రక్కు మీద వచ్చింది.

ఇవాళ చక్రాలు విప్పితే ముందు క్యాలిపర్లు (బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కేవి) తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. కాలు తీసినా ప్యాడ్లు డిస్కును వదలడం లేదు, రాసుకుంటూ కాలిపోతున్నాయి. బ్రేక్ ఆయిల్ కాఫీ రంగులో ఉంది. అందులో నీళ్లు చేరితే ఆ వేడికి మరిగి ఆవిరవుతాయట, ఇక ఎంత తొక్కినా ఒత్తిడి చక్రం దాకా పోదట. చల్లారాక మళ్లీ పట్టింది అందుకే. కార్పెట్ ఎత్తితే ఎండిన బురద. గేర్ రాడ్ దగ్గర ఉండే ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ పిన్నులకు పచ్చగా చిలుము. మీటర్ విప్పి చూస్తే, ఎయిర్‌బ్యాగ్ పాడైతే వెలిగే లైటే తీసేసి ఉంది.

ఆర్‌సీలో ఉన్న మొదటి ఓనర్ నంబరు ఎలాగో సంపాదించి ఫోన్ చేశాను. "సింగ్ నగర్‌లో మూడు రోజులు నీళ్లలోనే ఉందండీ ఆ బండి. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్, అంటే ఇక బాగుచేయించి లాభం లేదని తీసుకెళ్లిపోయారు. మళ్లీ రోడ్డెక్కిందా?" అన్నారు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి వరద వచ్చినప్పటి మాట.

యార్డుకి వెళ్లి ఫొటోలు చూపించాను. కొన్న రోజు మా పిల్లలకు చాక్లెట్లు ఇచ్చి, పాప తల నిమిరిన కుర్రాడే కౌంటర్‌లో ఉన్నాడు. ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "సెకండ్ హ్యాండ్ బండి అంటే గంతే ఉంటది అన్నా. నువ్వే నడిపి చూసి తీస్కున్నవ్ కదా" అన్నాడు. ఘాట్‌లో బ్రేకులు పోయాయి, లోపల పిల్లలున్నారు అన్నాను.

"ఏం కాలే కదా? అందరూ మంచిగనే ఉన్నరు కదా?"

ఆ మాటకి నాకు నోట మాట రాలేదు. డబ్బు ఇవ్వం పొమ్మన్నా ఇంత మంట ఉండేది కాదు. మీటర్ దానంతట అది విప్పుకోదు. గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదని తెలిసినవాడు ఎవడో ఆ గదిలోనే ఉన్నాడు. తెలిసే ఆ బండిలో నా పిల్లల్ని ఎక్కించి పంపారు. అదే గదిలో చంకలో బిడ్డతో ఒక జంట ఇంకో కారు కాగితాలు చూస్తున్నారు. వాళ్లతో గట్టిగా చెప్పాను, ఇది నీళ్లలో మునిగిన బండి అమ్మిన చోటు అని. నన్ను బయటికి తోశారు. ఆ జంట ఏం చేశారో తెలియదు.

నా తప్పూ ఉంది. మెకానిక్‌ని వెంట తీసుకెళ్లమని మా తమ్ముడు చెప్పాడు. 1,500 అడుగుతాడు, రిపోర్ట్ ఉంది కదా అనుకున్నాను. కారంతా సెంటు వాసన, కొత్త సీట్ కవర్లు, కొత్త మ్యాట్లు చూసి సంతోషపడ్డాను. అవి దేన్ని కప్పడానికో ఆలోచించలేదు. 1,500 దగ్గర పొదుపు చేసి ఇంటిల్లిపాదినీ ఘాట్ రోడ్డు మీదికి తీసుకెళ్లాను. రాత్రి నిద్ర పట్టడం లేదు.

సోమవారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేశాను. ఇలాంటిది జరిగినవాళ్లు మెకానిక్ రిపోర్ట్, ఫొటోలు ఉంచుకోండి, రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి.

కొనబోయేవాళ్లు సీట్ బెల్టుని చివరిదాకా బయటికి లాగి చూడండి, బురద చార ఉంటే అక్కడే తెలిసిపోతుంది. స్టెప్నీ తీసి దాని కింద చూడండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి కొన్ని సెకన్లకు ఆరాలి, అసలు వెలగకపోతే ఆ బండి వద్దు. ఆర్‌సీలో ఉన్న మనిషితో మాట్లాడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఇంకొకటి, రసీదులో "ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను" అని చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది. ఇవాళ దాని కింద నా సంతకమే చూపించారు.