క్విన్సీ ఆడమ్స్ కుటుంబం, మాంటిచెల్లో జెఫర్సన్: ప్రజలకు మిగిలిందేమిటి?

అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇద్దరూ 1826 జూలై 4నే కన్నుమూశారు. ప్రజలకు ఎవరేం మిగిల్చారంటే జెఫర్సన్ పేరే ముందు వినిపిస్తుంది. అందులో న్యాయం ఉంది. 1819లో వర్జీనియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించి, దాని భవనాల నమూనాలు కూడా ఆయనే గీశాడు. బ్రిటిష్ సైన్యం తగలబెట్టిన అమెరికా చట్టసభ (కాంగ్రెస్) గ్రంథాలయం 1815లో ఆయన పుస్తకాలతోనే మళ్లీ నిలబడింది. అయితే అది దానం కాదు, 23,950 డాలర్ల అమ్మకం.

ఆడమ్స్‌ది చిన్న ఊరికి చేసిన దానం. 1822లో మసాచుసెట్స్‌లోని క్విన్సీకి చర్చి కోసం, బడి కోసం భూములు రాసిచ్చాడు. తన పుస్తకాలనూ ఇచ్చాడు. గ్రానైటు చర్చి 1828లో పూర్తయింది. దాని నేలమాళిగలో జాన్, భార్య అబిగైల్, కొడుకు జాన్ క్విన్సీ, కోడలు లూయిసా సమాధులున్నాయి. బడి తెరుచుకునేసరికి మాత్రం 1872 వచ్చింది!

అసలు తేడా తర్వాతి తరాల్లో కనిపిస్తుంది. తండ్రి జాన్ క్విన్సీ పుస్తకాలు అగ్నికి ఆహుతి కాకూడదని జాన్ ఆడమ్స్ మనవడు చార్లెస్ ఫ్రాన్సిస్ 1870లో క్విన్సీలోని కుటుంబపు ఇంటి పక్కనే రాతి గ్రంథాలయం కట్టించాడు. 1946లో కుటుంబం ఆ ఇంటిని దేశానికి అప్పగించింది. జెఫర్సన్ వారసులకు మిగిలినవి అప్పులు. 1827 జనవరిలో 130 మంది బానిసలను అమ్ముతామని ప్రకటించి ఆయన ఎస్టేటు మాంటిచెల్లోలో వేలం వేశారు. 1831లో ఇల్లూ చేయి దాటింది. విశ్వవిద్యాలయం గోడలు లేపింది కూడా బానిసల చేతులే.

అందుకే నేను క్విన్సీ వైపే మొగ్గుతాను. జాన్ ఆడమ్స్ ఎన్నడూ బానిసలను ఉంచుకోలేదు. బానిసత్వ వ్యతిరేక వినతులను చర్చకు రానివ్వని ప్రతినిధుల సభ నిబంధనపై జాన్ క్విన్సీ ఏళ్ల తరబడి పోరాడి, 1844లో దాన్ని రద్దు చేయించాడు.