పోటీలకు దిగే కుర్ర గుర్రానికి రెండు కీళ్ల ఎగ్‌బట్ స్నాఫిల్: రెండేళ్లకు పైగా వాడిన తర్వాత

మలక్‌పేట రేసుకోర్సులో పందేలు మానిపించిన నాలుగేళ్ల థరోబ్రెడ్ గుర్రాన్ని నల్గొండ జిల్లా దేవరకొండ దగ్గరి మా తోటకు తెచ్చుకొని, డ్రెసాజ్‌కూ (రౌతు సంకేతాలకు తగ్గట్టు గుర్రం నియమిత నడకలు చూపించే పోటీ) చిన్న ఎత్తుల జంపింగ్‌కూ తయారుచేస్తూ రెండేళ్లకు పైగా వాడిన బిట్ (కళ్లెంలో గుర్రం నోట్లో ఉండే లోహపు కడ్డీ) గురించి ఈ సమీక్ష. అది కాన్పూరులో తయారైన స్టెయిన్‌లెస్ స్టీలు ఎగ్‌బట్ స్నాఫిల్, అంటే పగ్గాలను నోటి పక్కనుండే వలయాలకు నేరుగా కట్టే రకం. రెండు కీళ్లు, వాటి మధ్య లాజెంజ్ అనే చింతగింజంత నున్నటి మధ్య ముక్క, 125 మిల్లీమీటర్ల వెడల్పు, 14 మిల్లీమీటర్ల మందం. పోటీలు మొదలుపెట్టబోయే గుర్రానికి ఏ బిట్ కొనాలని ఎవరైనా అడిగితే ముందుగా దీని పేరే చెబుతాను, అయితే పశువైద్యుడికి నోరు చూపించకుండా దీన్ని కూడా కొనవద్దంటాను.

ఎందుకంటే బిట్ ఆనేది నాలుక మీదా, ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేకుండా ఉండే చిగురు మీదా. ఆ చిగురు చాలా పలచన, దాని కిందే ఎముక. కొన్ని గుర్రాలకు పై దవడలో మొదటి దవడ పన్నుకు ముందు ‘తోడేలు పన్ను’ అనే చిన్న పన్ను ఉంటుంది. బిట్ దానికి తగిలిన ప్రతిసారీ గుర్రం తల విసురుతుంది, మనం అది మొండికేస్తోందనుకుంటాం. పైగా నాలుగేళ్లు దాటే దాకా పాలపళ్లు ఊడుతూ కొత్తవి వస్తుంటాయి, మగ గుర్రాలకు నాలుగు, ఐదేళ్ల మధ్య కోరలు మొలుస్తాయి. మా గుర్రానికి వైద్యుడు ఆ చిన్న పన్ను తీసి, దవడ పళ్ల పదునైన అంచులు అరగదీసి, చిగురు పూర్తిగా మానిన తర్వాతే మేము బిట్ పెట్టాం.

ఒకే కీలున్న స్నాఫిల్‌లో రెండు పగ్గాలూ ఒకేసారి బిగిస్తే అది మధ్యలో మడుచుకొని నాలుకనూ కింది దవడనూ పక్కల నుంచి నొక్కుతుంది. రెండు కీళ్లున్నప్పుడు ఆ మడత తగ్గి, ఒత్తిడి నాలుక మీద పరుచుకుంటుంది. మా గుర్రంలో ఈ తేడా స్పష్టంగా కనిపించింది. పగ్గం అందుకోగానే గడ్డాన్ని రొమ్ముకు ఆనించుకొని చేతిని తప్పించుకునే అలవాటు దానిది. రెండు కీళ్ల బిట్‌తో మెల్లగా మెడ చాచడం నేర్చింది. ఎగ్‌బట్ వలయం బిట్‌కు అతికి ఉండి చలించదు కాబట్టి నోట్లో అనవసరమైన కదలిక ఉండదు, నమ్మకం కుదరని గుర్రానికి ఆ నిలకడే ముఖ్యం. చేతుల మీదికి బరువంతా వాల్చే గుర్రమైతే మాత్రం ఇదే నిలకడ దానికి ఆసరా అయి కూర్చుంటుంది. అలాంటి దానికి వలయం స్వేచ్ఛగా తిరిగే లూజ్ రింగ్ మేలు. మలుపుల్లో పక్కకు జారిపోయే గుర్రానికి, నోటి పక్కల పైకీ కిందికీ పొడవాటి కడ్డీలుండే ఫుల్ చీక్ చూడవచ్చు.

మందంగా ఉంటే మెత్తగా ఉంటుందనే మాట మన దగ్గర గట్టిగా పాతుకుపోయింది. అన్ని నోళ్లకూ అది వర్తించదు. థరోబ్రెడ్ నోరు ఇరుకు, నాలుక కండగలది. 18 మిల్లీమీటర్ల బిట్ పెడితే పెదాలు సరిగా మూతపడక, నాలుక పక్కకు తీసి నడిచేది. 14కు మార్చాక ఆ అలవాటు పోయింది. వెడల్పు విషయంలో పెదవి మూలకూ వలయానికీ మధ్య ఇరువైపులా రెండు మూడు మిల్లీమీటర్ల సందు మిగిలితే చాలు. లూజ్ రింగ్‌కు పెదవి వలయంలో ఇరుక్కోకుండా ఇంకొంచెం ఎక్కువ కావాలి. బిట్ సరిపోక నోరు తెరుస్తున్న గుర్రానికి నోజ్‌బ్యాండ్ (మూతి చుట్టూ కట్టే పట్టీ) బిగించడం జబ్బును కప్పిపెట్టడమే. 2025 నుంచి అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య (ఎఫ్ఈఐ) పోటీల్లో నోజ్‌బ్యాండ్ కింద 1.5 సెంటీమీటర్ల సందును పరికరం పెట్టి చూస్తున్నారు.

జంపింగ్‌లో బిట్ల ఎంపికకు స్వేచ్ఛ ఎక్కువ, డ్రెసాజ్‌లో అనుమతించిన రకాలు మాత్రమే చెల్లుతాయి. కొనేముందు ఆ సంవత్సరపు నిబంధనల్లోని బొమ్మలతో పోల్చుకోవడం మంచిది. మధ్య ముక్క నున్నగా, గుండ్రంగా ఉండాలన్నది అక్కడ గట్టిగా చూస్తారు. (మన పెళ్లి ఊరేగింపుల్లో ఇప్పటికీ కనిపించే ముళ్ల కళ్లేలను 1965 నాటి కేంద్ర నిబంధనలే నిషేధించాయి. పట్టించుకునేవారే తక్కువ.)

స్టీలుకు లోపం లేకపోలేదు. మాఘంలో తెల్లవారుజామున చల్లగా ఉంటుంది కాబట్టి అరచేతుల్లో కాసేపు వెచ్చబెట్టి పెట్టాలి, వైశాఖపు ఎండలో జీనుతో పాటు బయట వదిలేస్తే చేత్తో ముట్టుకోలేం. రాగి కలిసిన లోహపు బిట్‌ను మిత్రుడి దగ్గర తెచ్చి కొన్నాళ్లు వాడి చూశాను. గుర్రం ఎక్కువగా నమిలింది, చొంగ కూడా బాగా వచ్చింది, కానీ ధర ఎన్నో రెట్లు. మా బోరు నీటిలో ఉప్పు ఎక్కువ, దాని రంగు త్వరగా మాసిపోయింది. స్టీలు మీద పడే తెల్లటి పొరను నిమ్మచెక్కతో రుద్దితే చాలు. ఉడికించిన ఉలవల తొక్కు కీళ్ల సందుల్లో చేరుతుంది కాబట్టి మా సాయిస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) మేత పెట్టక ముందే బిట్ తీసి కడుగుతాడు.

ఇన్నాళ్లకు లాజెంజ్ రెండు వైపులా కీలు రంధ్రాలు కాస్త అరిగాయి. నెలకోసారి బొటనవేలితో ఆ అంచులు తడిమి చూస్తున్నాను. గోరుకు గరుకు తగిలిన రోజు దీన్ని పక్కన పెట్టి, ఇదే కొలతలో ముందే తెచ్చి ఉంచిన రెండోదాన్ని తొడుగుతాను.