ఒంగోలులో పంచరత్న బృందగానం: గళాలు నిలబెట్టాయి, కీబోర్డు అడ్డుపడింది

మొన్నటి పుష్య మాసంలో, త్యాగరాజ ఆరాధన రోజుల్లో, ఒంగోలులోని ఒక కల్యాణ మండపంలో నలభై మందికి పైగా గాయనీగాయకులు, పదిహేను మంది దాకా వాద్యకారులు కలిసి త్యాగరాజు పంచరత్న కీర్తనలు ఐదింటినీ వినిపించిన కచేరీకి వెళ్లాను. ఊరూరా తిరిగి ఈ కార్యక్రమం ఇస్తున్న బృందం కాబట్టి, నెల్లూరులోనో కందుకూరులోనో దీన్ని పిలిపించాలనుకునే సభల వారికీ, వెళ్లి వినాలనుకునే రసికులకూ పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గాత్ర బృందం కోసం తప్పక వెళ్లవచ్చు. వాద్య బృందాన్ని సగానికి తగ్గించుకుంటే మాత్రం సాహిత్యం ఇంకా బాగా చెవికెక్కుతుంది.

సాహిత్యం అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఐదింటిలో మొదటిదైన నాట రాగ కృతి సంస్కృతం. తక్కిన గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగ కృతులు నాలుగూ అచ్చంగా మన తెలుగు. పైగా త్యాగరాజు ఇంటిపేరైన కాకర్ల ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ భాగంలో, అర్ధవీడు మండలంలో ఉన్న ఊరు. పూర్వీకులు అక్కడినుంచే తంజావూరు సీమకు తరలిపోయారని సంప్రదాయం చెబుతుంది. ఆయన సమకాలికుడైన వాగ్గేయకారుడు శ్యామశాస్త్రి పూర్వీకులది అక్కడి కంభమే అంటారు. అటువంటి నేల మీద, తెలుగు వాళ్ల మధ్య పాడేటప్పుడు మాట తెలియకపోతే ఇక ఎక్కడ తెలియాలి? ఈ సంగతిని నిర్వాహకులు స్వాగతోపన్యాసంలో చక్కగానే చెప్పారు కానీ, దాని వెనకే వచ్చిన శాలువాలు, జ్ఞాపికలు, దాతల పేర్ల జాబితా కలిసి పాట మొదలవడాన్ని బాగా వెనక్కి నెట్టాయి.

త్యాగరాజు సమాధి ఉన్న తిరువయ్యారు సంప్రదాయం ప్రకారమే ముందు వేణువు మీద భైరవి రాగంలో ‘చేతులారా’ వాయించారు. ఆ వేణు విద్వాంసుడు ఎక్కడా తొందరపడలేదు. అసలు ఆ సాయంత్రం వాద్యాల వైపు నుంచి నాకు దక్కిన నిండైన తృప్తి అదొక్కటే. తర్వాత వచ్చిన నాట రాగ కృతి, నిజం చెప్పాలంటే, నిరాశపరిచింది. రామనామాలతో నిండిన దీర్ఘ సమాసాలు ఒకదాని వెనక ఒకటి వచ్చే కృతి అది. ఇద్దరు ముగ్గురు పాడేటప్పుడు చెల్లిపోయే వేగం నలభై గొంతులకు చెల్లదు. కాలప్రమాణం, అంటే పాట నడిచే వేగం, కాస్త పెరిగేసరికి వెనక వరుసల వారు సమాసం మధ్యలో ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టారు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, చివరి చరణాలకు వచ్చేసరికి నాదం మిగిలింది గానీ నామం మిగల్లేదు.

శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్థాయి, దాని సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మగవారికి సాధారణంగా ఒకటీ ఒకటిన్నర శ్రుతి అనువుగా ఉంటుంది, ఆడవారికి ఐదూ ఐదున్నర. ఇద్దరినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టే ప్రతి బృందానికీ తప్పని చిక్కు ఇది. వీరు మధ్యేమార్గంగా నాలుగు శ్రుతి పెట్టుకున్నారు. దానివల్ల పై షడ్జం (పై స్థాయి ‘స’) దాటిన ప్రతిచోటా మగవారిలో సగం మంది కింది స్థాయికి దిగిపోవడమో, పెదవులు మాత్రం కదపడమో జరిగింది. మంద్రంలోకి, అంటే కింది స్థాయిలోకి, వచ్చిన చోట ఆడవారి గొంతు పలచబడింది. బృంద నాయకురాలు దీన్ని ముందే ఊహించినట్టుంది. గౌళ నుంచి ఆమె చరణాలను పంచేశారు: పై స్థాయికి వెళ్లే చోట్ల ఆడవారి వరుసలు, కింద తిరిగే చోట్ల మగవారు, పల్లవికి మాత్రం అందరూ. ఆ ఒక్క ఏర్పాటుతో కచేరీ దారిలో పడింది.

గౌళలో ‘దుడుకుగల’ తన తప్పులను తానే ఏకరువు పెట్టుకునే కృతి. ఇంతమంది కలిసి పాడితే ఆ ఆత్మనింద గొంతు పెంచి చెప్పుకున్నట్టు ఉంటుందేమోనని అనుమానించాను. మగవారు కింది స్థాయిలో, దాదాపు మాట్లాడుతున్నట్టుగా చరణాలు ఎత్తుకోవడంతో ఆ భయం తీరింది. కానీ కీబోర్డు! గౌళ రిషభం (‘రి’ స్వరం) మామూలు శుద్ధ రిషభం కంటే ఒక పిసరు కిందుగా, చిన్న ఊపుతో పలుకుతుంది. రాగం గుర్తంతా అందులోనే ఉంది. గాత్రం ఆ ఊపు ఇస్తున్న ప్రతిసారీ కీబోర్డు తన బిగుసుకుపోయిన స్వరాన్ని దాని పక్కనే నొక్కి పెట్టింది, పైగా కింద రెండు మూడు స్వరాలు కలిపి పాశ్చాత్య పద్ధతిలో ఒక పరుపు పరిచింది. వీణలు మూడు, వయొలిన్లు ఆరు వేదిక మీద ఉండగా ఆ పరుపు ఎవరి కోసమో నాకు బోధపడలేదు. రెండు మృదంగాలు, ఘటం, మోర్సింగ్ ఉన్న లయ వాద్యాల వరుస మీద నాకు ఫిర్యాదు లేదు.

ఆరభి మాత్రం ఆ సాయంత్రానికి తలమానికం. చరణాల స్వరాన్ని ముందు వీణలు, వయొలిన్లు మాత్రమే వాయించాయి, అదే స్వరానికి సాహిత్యాన్ని గాత్రం అందుకుంది. స్వరం, మాట రెండూ విడివిడిగా, ఒకదానికొకటి అద్దం పట్టినట్టు వినిపించాయి. ఆ కృతిలో ప్రతి చరణం తర్వాత పల్లవికి కాక ‘సమయానికి తగు మాటలాడెనే’ అన్న చోటుకే తిరిగి వస్తారు. అలా వచ్చిన ప్రతిసారీ నాయకురాలు ఎడమచేతిని కొద్దిగా కిందికి దించేవారు, మొదటి మృదంగం వారు ఆ చేతినే చూస్తూ వాయిద్యం తగ్గించేవారు, ‘సమయానికి’ అన్న మాట ఏ ఆసరా లేకుండా గాలిలో నిలబడేది. కృష్ణుడి మీద చనువుతో వేసిన ఆ ఎత్తిపొడుపు నా ముందు వరుసలో కూర్చున్న పెద్దావిడకు ప్రతిసారీ నవ్వు తెప్పించింది. తెలుగు సభలో ఈ కృతి పాడటంలోని సుఖమంతా ఆ నవ్వే.

వరాళిని నేరుగా నేర్పితే గురుశిష్యుల మధ్య పొసగదన్న నమ్మకం వల్ల ‘కనకన రుచిరా’ మిగతా నాలుగింటి అంత ప్రచారంలో లేదు. బృందంలోనూ ఆ తేడా తెలిసిపోయింది. చాలామంది కాగితాలు చూసి పాడారు, ప్రతిమధ్యమం (ఆ రాగంలోని ‘మ’ స్వరం) దగ్గర గొంతులు ఒక చోటికి చేరలేదు. అయినా ఏ చరణమూ కత్తిరించకుండా పూర్తిగా పాడినందుకు అభినందించాలి.

చివరిదైన శ్రీరాగ కృతికి సభ మొత్తం గొంతు కలిపింది. ఆ గొంతుల్లో ఎక్కువ భాగం స్త్రీలవే. తిరువయ్యారులో సమాధి ముందు స్త్రీలకు పాడే అవకాశం లేని రోజుల్లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుబట్టి, తన సొంత డబ్బుతో అక్కడ గుడి కట్టించి, స్త్రీల చేత విడిగా పాడించకపోతే ఈ దృశ్యం ఎన్నేళ్లు ఆలస్యమయ్యేదో. ప్రేక్షకుల ఉత్సాహం వల్ల కాలప్రమాణం మళ్లీ కొంచెం పరుగెత్తింది, ‘హృదయారవిందమున’ అన్న మాట నడుమ మళ్లీ ఊపిరి తెగింది. కానీ ఈసారి పట్టించుకోవాలనిపించలేదు, నేనూ పాడుతున్నాను కాబట్టి.

పిలిపించుకునే వారికి కొన్ని సూచనలు. రేకుల కప్పు ఉన్న మండపం వద్దు. ప్రతిధ్వనిలో సాహిత్యం కొట్టుకుపోతుంది. గాత్రానికి తలకొక చేతి మైకు ఇవ్వకుండా వరుసకు రెండు స్టాండు మైకులు పెట్టించండి. కీబోర్డు మానుకోమని ముందే అడగండి, వినని వారిలా కనిపించలేదు. సాహిత్యం అచ్చువేసి పంచితే మరీ మంచిది. ఒంగోలులో ఇచ్చిన కాగితంలో పల్లవులు మాత్రమే ఉన్నాయి, చరణాల చోట దాతల ఫొటోలు వేశారు.