లెంకే కొయ్య జెంబేతో ఏడేళ్ళు

ఉద్యోగం మీద గినీ రాజధాని కొనాక్రీకి వచ్చిన ఏడాదే, చేతులతో వాయించే ఈ పశ్చిమాఫ్రికా డ్రమ్ము జెంబే కొన్నాను. మూతి 33 సెంటీమీటర్లు, ఎత్తు 62, బరువు 9 కిలోలు. లెంకే అనే గట్టి చెట్టు దుంగను బాడిసతో తొలిచి చేసింది, ఎక్కడా అతుకు లేదు. పైన మేక తోలు, దాన్ని బిగించడానికి మూడు ఇనుప రింగులు, 5 మిల్లీమీటర్ల తాడు. ఏడేళ్ళలో ఆరు తోళ్ళు మార్చాను, తాడు రెండుసార్లు. కొయ్యకు మాత్రం వీసమెత్తు తేడా రాలేదు.

నిజానికి ఇది నా రెండోది. మొదటిది టూరిస్టుల కోసం పెట్టిన ఓ దుకాణంలో కొన్నాను. ఒళ్ళంతా చెక్కడాలు, నల్లటి పాలిష్, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. చలికాలం సహారా వైపు నుంచి పొడిగాలి వీయగానే పాలిష్ కింద దాచిన పగులు బయటపడింది. రంపపు పొట్టు, జిగురు కలిపి నింపారన్నమాట. అందుకే కొనేవాళ్ళకు చెబుతున్నాను, తోలు చూసి మోజుపడకండి. తోలు ఎలాగూ మారుతుంది. డ్రమ్ము ఎత్తి లోపలికి టార్చ్ వేసి చూడండి, పగులు లోపలివైపు దాగదు. తోలు కింద అంచు గుండ్రంగా ఉందో లేదో వేళ్ళతో తడిమి చూడండి. పదునుగా ఉంటే తోలు తెగుతుంది. అంతకంటే ముందే మీ వేళ్ళు వాస్తాయి.

వానాకాలం దీనికి పెద్ద పరీక్ష. కొనాక్రీలో జూలై, ఆగస్టుల్లో ఒక్కో నెలలో వెయ్యి మిల్లీమీటర్లకు పైగానే కురుస్తుంది. ఆ తేమకు తోలు వదులై, తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు మోగుతుంది. మన దప్పు కళాకారులు మంట దగ్గర కాచుకున్నట్టే ఇక్కడి పల్లెల్లోనూ నిప్పు దగ్గర పెడతారు. నేను మాత్రం తాడుతోనే కుస్తీ పడతాను. నిలువు తాళ్ళ మధ్యగా అడ్డతాడు దూర్చి లాగితే ఒక్కో ముడి పడుతుంది, శ్రుతి కాస్త పెరుగుతుంది. రెండు ముడులు వేసేసరికి నడుం పట్టేస్తుంది. ఎండ కూడా తక్కువదేం కాదు. ఒకసారి సెలవులకు విజయవాడ తీసుకెళ్ళి, మే నెలలో మధ్యాహ్నం కారులో వదిలేశాను. వచ్చి చూస్తే తోలు ఈ చివరనుంచి ఆ చివరకు చిరిగి ఉంది.

వాయించడం సంగతి. మొదటి ఆరు నెలలు మూడు దెబ్బలే నేర్చుకున్నాను. మధ్యలో అరచేయి మొత్తం ఆనించి వెంటనే లేపితే బాస్. అంచు మీద వేళ్ళు దగ్గరగా పెట్టి కొడితే టోన్. అదే చోట వేళ్ళు వదులుగా, కాస్త ఎడంగా ఉంచి కొనలు తగిలేలా వేస్తే స్లాప్. రాయడానికి మూడు వాక్యాలే గానీ, టోన్‌కీ స్లాప్‌కీ తేడా వినిపించేలా కొట్టేసరికి చేతులు కాయలు కాశాయి. బలం పెంచినకొద్దీ స్లాప్ చచ్చిపోతుంది. మా గురువుగారు ఏమీ వివరించలేదు. నా మణికట్టు పట్టుకుని ఊపి, వదిలేసి, "ఇంతే" అన్నారు. ఇంకా పూర్తిగా రాలేదు.

అసలు చిక్కు తర్వాత మొదలైంది. ఇంట్లో ఒక్కడినే ఎంత బాగా వాయించినా, గుంపులో కూర్చోగానే తేలిపోయేవాణ్ణి. ఇక్కడి మలింకే ప్రజల సంప్రదాయంలో దరువుకు వెన్నెముక డునున్‌లు. ఆవుతోలు మూసిన పీపాల్లాంటి మూడు డ్రమ్ములు, కర్రతో కొడతారు. పెద్దది డునుంబా, నడిమిది సంగ్బాన్, చిన్నది కెన్‌కెని. ఏ దరువో గుర్తుపట్టేది ఎక్కువగా సంగ్బాన్‌ను బట్టే. పొలం పనుల దరువు కస్సా నేర్పేటప్పుడు గురువుగారు నన్ను జెంబే ముట్టనివ్వలేదు, రెండు వారాలు కెన్‌కెని కొట్టించారు. అప్పుడు చిరాకేసింది. గినీ నాట్యబృందం లే బాలే ఆఫ్రికేన్‌లో సోలో వాయించిన ఫాముదు కొనాతే రికార్డింగులు విన్నా ఇప్పుడు నా చెవి ముందు డునున్ల వైపే పోతోంది.

మృదంగం కాస్త నేర్చుకున్న నాకు ఇంకో దెబ్బ తగిలింది. కొన్ని దరువులు తిస్రమే కదా అనుకుని మూడు మాత్రలూ సమానంగా వేశాను. అందరూ నవ్వారు. ఇక్కడ ఆ మూడూ సమానం కావు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఎంత అనేది లెక్కలో చెప్పరు. నాట్యం చేసేవాళ్ళ పాదాలు చూడమంటారు. జెంబే వాయించేవాణ్ణి జెంబేఫోలా అంటారు, జెంబేను మాట్లాడించేవాడని అర్థం. నాది ఇంకా నత్తి.

లోపాలూ చెప్పాలి. నిలబడి వాయిస్తే 9 కిలోలు భుజాన్ని కోసేస్తాయి. స్లాప్ చప్పుడుకు గదిలో చెవులు గింగురుమంటాయి, ఇయర్‌ప్లగ్స్ లేకుండా సాధన చేయొద్దు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళయితే కొనేముందు పక్కింటివాళ్ళతో మాట్లాడుకోండి. నేను మాట్లాడలేదు, ఇల్లు మారాను.

ఏడో తోలు నిన్న రాత్రి బకెట్లో నానేశాను. బిగించి, నాలుగైదు రోజులు ఆరనిచ్చి, బ్లేడుతో వెంట్రుకలు గీకాలి. ఈసారి తోలు మీది మేక వెన్నెముక గీత సరిగ్గా మధ్యకు వచ్చేలా పరవాలి. పోయినసారి పక్కకు జరిగి, ఓ వైపు టోన్ ఎప్పుడూ మొద్దుగానే ఉండిపోయింది.